దారి తెలిసిన బండి

పాఠ్యాంశ ఉద్దేశం

విద్యుత్ కార్లలో సాఫ్ట్‌వేర్ నిర్వహించే పాత్రను వివరించి, యంత్రం అందించే సహాయాన్ని ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ మనిషి మెలకువగా ఉండాలో విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

వెనుకటి రోజులలో మదనపల్లె సంతకు బెల్లమో, వేరుసెనగకాయలో తోలుకొనిపోయిన రైతు అమ్మకం ముగించుకొని, పొద్దుగూకిన తరువాత ఇంటిదారి పట్టేవాడు. పగలంతా తిరిగిన అలసటతో బండిలోనే కునుకు తీసేవాడు. పగ్గాలు చేతిలో వదులయ్యేవి. అయినా ఎద్దులు దారి తప్పేవి కావు. వాగు దగ్గర నెమ్మదించి, మలుపు దగ్గర ఒదిగి, చివరకు ఇంటి ముందు వచ్చి నిలిచేవి. ఆ తెలివి వాటికి ఒక్కనాటితో అబ్బినది కాదు. అదే దారిన ఏళ్ళ తరబడి నడవగా వచ్చినది. అందుకే కొత్త ఊరి దారి పట్టిన నాడు ఆ రైతు కన్ను మూసేవాడు కాడు.

బండిని లాగే శక్తికి దారి తెలిసినంతవరకే మనిషి నిశ్చింతగా ఉండగలడని ఆ రైతుకు తెలుసు. నేడు ఎద్దుల స్థానంలో విద్యుత్ మోటారు, వాటి తెలివి స్థానంలో సాఫ్ట్‌వేర్ వచ్చాయి. ఈ కొత్త బండికి ఏ దారి తెలుసు, ఏ దారి తెలియదు అన్న సంగతి తెలుసుకొనకుండా స్టీరింగు ముందు కూర్చొనడం క్షేమం కాదు.

చక్రాల మీది కంప్యూటరు

విద్యుత్ వాహనం ఇప్పుడు మనకు వింత వస్తువు కాదు. 2001లో బెంగుళూరులో తయారై వచ్చిన రేవా కారు మన దేశంలో విద్యుత్ కార్ల పట్ల ఆసక్తిని కలిగించింది. 2022 సెప్టెంబరులో తిరుపతి, తిరుమలల మధ్య కనుమ దారిలో ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడవసాగాయి. తిరుపతికి కేటాయించిన నూరు బస్సులలో కొన్నింటిని మదనపల్లె మార్గానికి నిర్దేశించారు. పుంగనూరు వద్ద విద్యుత్ బస్సుల, లారీల కర్మాగారాన్ని నెలకొల్పుతామని జర్మనీకి చెందిన పెప్పర్ మోషన్ సంస్థ 2023లో ప్రతిపాదించింది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం పట్టణాలను కలుపుతూ సాగే 42వ నంబరు జాతీయ రహదారి తమిళనాడులోని కృష్ణగిరిని చేరుతుంది. ఆ కృష్ణగిరి జిల్లాలోని హోసూరు, పోచంపల్లి ప్రాంతాలు విద్యుత్ స్కూటర్ల తయారీకి పేరు పొందాయి.

పెట్రోలు కారులో కూడా కంప్యూటర్లు ఉంటాయి. అయితే విద్యుత్ కారులో వాటి అధికారం ఎక్కువ. బ్యాటరీలోని ఘటాలు ఎంత వేడెక్కుతున్నాయో, ఏ ఘటంలో ఎంత విద్యుత్తు మిగిలి ఉన్నదో సాఫ్ట్‌వేర్ క్షణక్షణమూ గమనిస్తుంది. మోటారుకు ఎంత శక్తిని పంపాలో అదే నిర్ణయిస్తుంది. యాక్సిలరేటరు మీది నుండి కాలు తీసినప్పుడు మోటారు జనరేటరుగా మారి, చక్రాల వేగాన్ని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి అందిస్తుంది. దానివలన కారు నెమ్మదిస్తుంది. ఈ నెమ్మదింపు ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించేది కూడా సాఫ్ట్‌వేరే.

మదనపల్లె సమీపాన సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న హార్సిలీ కొండల నుండి దిగేటప్పుడు ఈ ఏర్పాటు ఎంతో ఉపకరిస్తుంది. కానీ కొండమీదనే బ్యాటరీని నిండుగా ఛార్జి చేసుకొని బయలుదేరితే, దిగుడులో పుట్టే విద్యుత్తును దాచుకొనడానికి దానిలో చోటు ఉండదు. అప్పుడు కాలు తీసినా కారు అలవాటైనంతగా నెమ్మదించక పోవచ్చు. మామూలు బ్రేకు మీదనే ఆధారపడవలసి వస్తుంది. నిండుకుండ మరి నీరు పట్టదు కదా! ఈ విషయం తెలిసినవాడు కొండమీద బ్యాటరీని కొంత వెలితిగా ఉంచుకొంటాడు.

రాత్రికి రాత్రి మారే కారు

ఒకప్పుడు కారు కొన్న నాడు ఎట్లా ఉన్నదో, పాతబడే వరకు ఇంచుమించు అట్లాగే ఉండేది. మరమ్మతు కావాలంటే మెకానిక్కు దగ్గరకు పోవలసినదే. ఇప్పటి విద్యుత్ కార్లలో చాలావాటికి సెల్‌ఫోనుకు ఉన్నట్లే నెట్‌వర్కు సంబంధం ఉంది. తయారీదారు పంపిన కొత్త సాఫ్ట్‌వేర్ గాలిలో తరంగాలుగా వచ్చి కారులో చేరుతుంది. దీనినే అప్‌డేట్ అంటారు. కారు నిలిచి ఉన్న సమయంలో అది అమర్చబడుతుంది. ఆ కొద్దిసేపు కారును నడపడానికి వీలుండదు.

దీనివలన కలిగే మేలు చిన్నది కాదు. 2018లో అమెరికాలో ఒక వినియోగదారుల పత్రిక టెస్లా మోడల్ 3 కారును పరీక్షించింది. గంటకు 60 మైళ్ళ వేగం నుండి పూర్తిగా ఆగడానికి ఆ కారుకు 152 అడుగులు పట్టింది. తయారీదారు అప్‌డేట్ పంపిన తరువాత అదే కారు 133 అడుగులలో ఆగింది. ఒక్క మరను కూడా విప్పకుండానే బ్రేకు మెరుగుపడింది. 2023 డిసెంబరులో అదే సంస్థ అమెరికాలో ఇరవై లక్షలకు పైగా కార్లలోని లోపాన్ని, వాటిని కార్ఖానాకు రప్పించకుండా అప్‌డేట్ ద్వారా సరిదిద్ద పూనుకొన్నది. డ్రైవరు శ్రద్ధ తప్పుతున్నప్పుడు కారు చేసే హెచ్చరికలు చాలడం లేదన్నదే ఆ లోపం.

అయితే తలుపు తెరిస్తే గాలితోపాటు దుమ్ము కూడా వస్తుంది. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక పత్రికా విలేఖరి నడుపుతున్న జీపులోకి ఇంటర్నెట్టు ద్వారా ప్రవేశించి, రహదారి మీద దాని వేగాన్ని తగ్గించి చూపారు. ప్రమాదాన్ని లోకానికి తెలియజేయడానికే, ఆ విలేఖరికి ముందుగా చెప్పి చేసిన పరీక్ష అది. దాని ఫలితంగా 14 లక్షల వాహనాలను సరిదిద్దవలసి వచ్చింది. వాహనాల సైబరు భద్రతకు, సాఫ్ట్‌వేర్ మార్పులకు ఐక్యరాజ్యసమితి 2020లో 155, 156 సంఖ్యలతో నిబంధనలను ఆమోదించింది. మన దేశంలో కూడా ఇవే విషయాలపై వాహన ప్రమాణాలను రూపొందించారు.

అప్‌డేట్ వచ్చిన మరునాడు కారు ప్రవర్తన కొంత మారవచ్చు. కాలు తీసినప్పటి నెమ్మదింపు, హెచ్చరిక మోగే సమయం, తెర మీది గుర్తుల చోటు వేరు కావచ్చు. నిన్నటి అలవాటుతో నేటి కారును నడిపేవాడు మలుపు దగ్గర తడబడతాడు. అందువలన ఏమి మారిందో చదివి, ఖాళీ దారిలో కొంతదూరం నడిపి చూచి, ఆ తరువాతనే కనుమ దారి పట్టడం వివేకం.

కారుకు కళ్ళు

డ్రైవరుకు తోడ్పడే ఏర్పాట్లను కలిపి అడాస్ అంటున్నారు. ముందు అద్దం వెనుక ఉన్న కెమెరా దారి గీతలను, మనుషులను, వాహనాలను గుర్తిస్తుంది. ముందుభాగంలోని రాడారు రేడియో తరంగాలను పంపి, అవి తిరిగి వచ్చే తీరునుబట్టి ఎదుటి వస్తువు దూరాన్ని, వేగాన్ని లెక్కిస్తుంది. ఈ సమాచారంతో కారు ముందు వాహనానికి తగిన దూరంలో నడుస్తుంది. గీత దాటబోతే హెచ్చరిస్తుంది. గుద్దుకొనే ప్రమాదం కనిపిస్తే తానే బ్రేకు వేస్తుంది.

ఈ స్వయంచాలకతను నిపుణులు సున్నా నుండి అయిదు వరకు స్థాయిలుగా విభజించారు. మన దేశంలో అమ్ముతున్న కార్లలో ఈ సహాయాలు రెండవ స్థాయిని దాటలేదు. రెండవ స్థాయిలో కారు వేగాన్ని, స్టీరింగును కొంతవరకు సర్దుకొంటుంది. కానీ దారిని గమనించే బాధ్యత పూర్తిగా డ్రైవరుదే. చేతులకు కొంత విశ్రాంతి దొరుకుతుంది గాని, కళ్ళకు సెలవు లేదు.

మన దారి, మన పాఠం

ఎద్దు నడిచిన దారినే నేర్చుకొన్నట్లు, సాఫ్ట్‌వేర్ తనకు చూపిన దృశ్యాలనే నేర్చుకొంటుంది. ఈ పరిశోధనలో ప్రపంచమంతటా వాడిన ఒక ప్రసిద్ధ చిత్రాల సంపుటి ముఖ్యంగా జర్మనీ నగరాల వీధులలో సేకరించినది. అక్కడ దారికి అంచు ఉంటుంది, గీత ఉంటుంది. ఎవరి వరుసలో వారు పోతారు. మన రహదారి తీరు వేరు. టమాటా పెట్టెలతో మదనపల్లె మార్కెట్టుకు పోయే ట్రాక్టరుకు వెనుక దీపం ఉండకపోవచ్చు. లారీ దారి పక్కనే నిలిచి ఉండవచ్చు. ఆటో ఎదురుదిశలో రావచ్చు.

ఈ లోటును గుర్తించి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అనే సంపుటిని రూపొందించారు. హైదరాబాదు, బెంగుళూరు నగరాలలోను, వాటి శివార్లలోను తిరిగి సేకరించిన సుమారు పదివేల చిత్రాలలో ప్రతి వస్తువును 34 తరగతులుగా గుర్తించారు. వాటిలో ఆటోరిక్షా ఉంది, జంతువులు ఉన్నాయి. తారురోడ్డు పక్కన, అవసరమైతే బండి దిగడానికి వీలైన మట్టి అంచు కూడా ఒక తరగతిగా చేరింది. మన డ్రైవర్లందరికీ తెలిసిన ఆ మట్టి అంచును యంత్రానికి వేరుగా నేర్పవలసి వచ్చింది! హైదరాబాదు ఐఐటీ ఆవరణలో డ్రైవరు లేని వాహనాలను పరీక్షించడానికి తిహాన్ అనే క్షేత్రం 2022 జూలైలో ప్రారంభమైంది.

అయినా నేర్పవలసినది ఎంతో మిగిలి ఉంది. పుంగనూరు ఆవు సుమారు మూడడుగుల ఎత్తు ఉండే అరుదైన జాతి. పెద్ద ఆవుల చిత్రాలనే చూచి నేర్చుకొన్న కెమెరా మసక వెలుతురులో ఆ పొట్టి ఆవును ఎంత దూరం నుండి గుర్తిస్తుంది? పలమనేరు, కుప్పం ప్రాంతాలలో కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు రాత్రిపూట దారి దాటుతాయి. 2023 జూన్‌లో పలమనేరు సమీపాన రహదారి దాటుతున్న మూడు ఏనుగులు వేగంగా వచ్చిన వాహనం ఢీకొనడంతో మరణించాయి. అంత పెద్ద ప్రాణి కూడా చీకటిలో సకాలంలో కనబడలేదంటే, రాత్రి ప్రయాణంలో వేగం తగ్గించడానికి మించిన రక్షణ లేదని తెలుస్తుంది.

కునుకు తెచ్చే సుఖం

సహాయం పెరిగిన కొద్దీ మనిషి శ్రద్ధ సడలడం సహజం. 2018 మార్చిలో అమెరికాలోని టెంపె నగరంలో పరీక్ష కోసం తిరుగుతున్న ఒక స్వయంచాలిత కారు, రాత్రివేళ సైకిలును నడిపించుకొంటూ దారి దాటుతున్న మహిళను ఢీకొనగా ఆమె మరణించింది. కారు పరికరాలు ఆమెను ముందుగానే పసిగట్టాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమని, మరొకసారి వేరొక వస్తువని, ఇంకొకసారి సైకిలని భావిస్తూ విలువైన క్షణాలను పోగొట్టుకొన్నది. పాదచారుల గీతలు లేనిచోట మనిషి దారి దాటవచ్చునన్న ఆలోచనే దానికి నేర్పలేదని దర్యాప్తులో తేలింది. పర్యవేక్షణకు కూర్చున్న డ్రైవరు ఆ సమయంలో ఫోను చూస్తున్నట్లు కూడా వెల్లడయింది. యంత్రం తెలియక తప్పింది. మనిషి తెలిసి తప్పాడు. వారిద్దరి నడుమ ఒక ప్రాణం పోయింది.

గీతలు లేనిచోటనే దారి దాటడం మన పట్టణాలలో నిత్యకృత్యం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు సాగుతుంది. రెండు సెకన్లు చూపు తిప్పితే 44 మీటర్ల దారిని గుడ్డిగా దాటినట్లే. ముందు వాహనాన్ని అనుసరించే ఏర్పాట్లు అధిక వేగంలో, కదలకుండా నిలిచి ఉన్న లారీని గుర్తించలేకపోవచ్చునని తయారీదారుల సూచన పుస్తకాలలోనే ఉంటుంది. వాన, పొగమంచు, అద్దం మీది బురద కెమెరా చూపును తగ్గిస్తాయి.

కనుక విద్యుత్ కారు ఉన్నవారు కొన్ని అలవాట్లు చేసుకోవాలి. తయారీదారు నుండి వచ్చిన అప్‌డేట్‌ను మాత్రమే స్వీకరించాలి. ప్రయాణానికి ముందు హడావిడిగా కాక, తీరిక ఉన్న వేళ దానిని అమర్చుకోవాలి. కెమెరా అద్దాన్ని శుభ్రంగా ఉంచాలి. ఏ సహాయం పనిచేస్తున్నదో, ఏది ఆగి ఉన్నదో బయలుదేరే ముందే చూచుకోవాలి. ఒకే కారును ఇంటిలో ఇద్దరు ముగ్గురు నడిపేటట్లయితే, వచ్చిన మార్పును అందరికీ చెప్పాలి.

యంత్రాన్ని శంకిస్తూ దూరంగా ఉంచనక్కరలేదు. డ్రైవరు ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉన్నప్పుడు తానే పడే బ్రేకు ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదు. కానీ ఆనాటి రైతు పాటించిన నియమాన్ని మరువరాదు. తెలిసిన దారిలో ఎద్దులను నమ్మిన ఆ రైతే, తెలియని దారిలో పగ్గాలు బిగించి పట్టుకొన్నాడు. మన దారులను యంత్రం ఇంకా నేర్చుకొంటూనే ఉంది. అది నేర్చుకొనే వరకు పగ్గాలు మనిషి చేతిలోనే ఉండాలి, కళ్ళు దారి మీదనే ఉండాలి.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ల వలన కలిగే మేలును, పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. యంత్రానికి మన దారులను వేరుగా నేర్పవలసిన అవసరం ఎందుకు కలిగిందో పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. కొండమీద బ్యాటరీని నిండుగా ఛార్జి చేసుకొని దిగితే ఏమవుతుంది?
2. టెంపె నగరంలో జరిగిన ప్రమాదానికి కారణాలేవి?
3. "చేతులకు కొంత విశ్రాంతి దొరుకుతుంది గాని, కళ్ళకు సెలవు లేదు" అన్న వాక్యాన్ని వివరించండి.

ఇ) సొంత వాక్యాలలో ప్రయోగించండి
నిత్యకృత్యం, ఏమరుపాటు, రాత్రికి రాత్రి