నీళ్లు రావు సరే, చెమట పోయేదెట్లా?

మా అమ్మాయి మిన్నెసోటాలో ఉంటుంది. కిందటి అక్టోబరులో ఫోన్ చేసి, "నాన్నా, పక్కింటాయన పుట్టినరోజు వస్తోంది. మంచు పడ్డప్పుడల్లా మా వాకిట్లోది కూడా ఆయనే ఎత్తిపోస్తాడు. వేటకు వెళ్తాడుగా, గంబూట్లు కొనిద్దామనుకుంటున్నాం. ఎలాంటివి తీసుకోమంటావ్?" అంది. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ని చెప్పుల షాపువాణ్ని చేసేసింది! వేట గురించి నాకేం తెలుసు? మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ సరదాకు తలుపులు మూశారు. అక్కడ మాత్రం నవంబరు వచ్చిందంటే లైసెన్సు జేబులో పెట్టుకుని, నారింజరంగు చొక్కా తొడుక్కుని జింకల కోసం అడవి బాట పడతారు. అయినా రబ్బరు సంగతి కాస్త తెలుసు కాబట్టి అక్కణ్నుంచే ఎత్తుకున్నాను.

చెట్టుపాలు గడ్డకట్టగా వచ్చిన పచ్చి రబ్బరుతో బూట్లు చేస్తే ఎండాకాలం జిగురుముద్ద, చలికాలం కట్టెముక్క. దాని అణువులు ఉడికిన సేమ్యాలా పొడుగాటి పోగులు. వేడి తగిలితే ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేసి చూశాడు. గంధకం పోగుకూ పోగుకూ మధ్య అక్కడక్కడ ముడి వేస్తుంది. సేమ్యా కాస్తా వల అవుతుంది. ఇక లాగితే సాగుతుంది, వదిలితే మళ్లీ మొదటికి వస్తుంది. 1844లో పేటెంట్ దక్కింది గానీ 1860లో పోయేనాటికి ఆయనకు మిగిలినవి అప్పులే. హైరమ్ హచిన్సన్ అనే మరో అమెరికన్ ఆ పద్ధతి వాడుకునే హక్కు కొని, 1853లో ఫ్రాన్సులో బూట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. చెక్కచెప్పులతో పొలాల్లో తిరిగే అక్కడి రైతులకు తొలిసారి పొడి పాదాలతో ఇల్లు చేరే యోగం పట్టింది. అన్నట్టు, మన జేబుల్లో మోగిన నోకియా కూడా ఒకప్పుడు ఫిన్లండ్‌లో గంబూట్లు అమ్మిన కంపెనీయే.

వేటగాళ్ల బూట్లకు ఇంకో కథ ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లియాన్ లియన్‌వుడ్ బీన్ అనే ఆయన వేటకు వెళ్లి, తోలుబూట్లు నాని, తడికాళ్లతో విసిగిపోయాడు. అడుగున రబ్బరు, పైన తోలు పెట్టి కుట్టించాడు. 1912లో మొదటి 100 జతలు అమ్మితే 90 జతలు వెనక్కి వచ్చాయి. రబ్బరు దగ్గర కుట్టు నిలవలేదు. అందరికీ డబ్బు తిరిగిచ్చేసి, అప్పు తెచ్చి, మళ్లీ కుట్టించాడు. ఎల్.ఎల్.బీన్ కంపెనీ పుట్టింది అలా. చాలాసార్లు ముందు మోసం చేసేది రబ్బరు కాదు, అతుకు. అందుకే బూటు చేతిలోకి తీసుకోగానే వేలు పెట్టి చూడాల్సింది అడుగుభాగం పైభాగంతో కలిసేచోట.

అసలు చిక్కు వేరే ఉంది. బయటి నీటిబొట్టును రానివ్వని రబ్బరు లోపలి ఆవిరిని కూడా పోనివ్వదు. పాదాలకు చెమట ఎక్కువ. చెమట మేజోడులో ఇంకుతుంది. నీరు వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అంటే చుక్క నీరు లోపలికి రాకపోయినా, తన చెమటతో తనే తడిసి మనిషి కాళ్లు కొయ్యబారిపోతాయి. అందుకని మా అమ్మాయిని మొదట అడిగింది బ్రాండు గురించి కాదు, "ఆయన కూచుని వేటాడతాడా, నడిచి వేటాడతాడా?" అని. జింక కోసం చెట్టుమీద మంచె కట్టుకుని గంటలకొద్దీ కదలకుండా కూచునేవాడికి లోపల మందపాటి నియోప్రీన్ పొర కావాలి. అది 1930లో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రబ్బరు. నురగలా పొంగించి, సన్నటి బుడగల్లో వాయువును బంధించి పెడతారు, వేడిని ఆపేది ఆ బుడగలే. పక్షుల వెంట మైళ్లకొద్దీ నడిచేవాడికి అదే బూటు ఆవిరికుడుము గిన్నె. అతనికి పల్చటివి, తేలికవి కావాలి. పాదానికి తగిలించిన బరువు వీపున మోసే బరువుకన్నా నాలుగైదు రెట్లు అలుపు తెస్తుంది మరి.

రబ్బరుపై వేటగాళ్ల మోజుకు ఇంకో కారణం వాసన. తోలు, గుడ్డ మనిషి వాసన పీల్చి దారంతా వదులుతాయి, జింక ముక్కు పసిగడుతుందని వాళ్ల లెక్క. కొత్త రబ్బరుకూ ఘాటు వాసనే కాబట్టి కొన్ని వారాలు గాలికి పెట్టాలి. కాబట్టి వేటకు ముందురోజు ఇచ్చే కానుక కాదిది.

అమ్మాయి పక్కింటావిడను మంచి చేసుకుని గరాజ్‌లోకి వెళ్లి ఆయన పాతబూట్లు వీడియోలో చూపించింది. పైన తెల్లటి బూడిద. "బూజు పట్టింది నాన్నా" అంది. బూజు కాదు, రబ్బరులో కలిపిన మైనంలాంటివి మెల్లగా పైకి తేలి అలా పూస్తాయి. తుడిస్తే పోతుంది. షాపులో అలాంటిది కనబడితే పాతసరుకని భయపడక్కర్లేదు. కాలివేళ్ల దగ్గర మడతపడేచోట అడ్డంగా పగుళ్లు మాత్రం అసలైన జబ్బు. సాగి ఉన్న రబ్బరు అణువులను గాల్లోని ఓజోన్ కొరికేస్తుంది, ఎండ దానికి తోడవుతుంది. ఆ బూట్లు కిటికీ పక్కనే ఉన్నాయి.

ఇక సైజు. చలికి రెండు జతల మేజోళ్లు తొడిగి బిగుతుబూటులో కాలు దూరిస్తే రక్తం ఆడదు, ఉన్ని నలిగి గాలి పోతుంది, కాలు ఇంకా చల్లబడుతుంది. వేళ్లు ఆడాలి. అలాగని మరీ వదులైతే బురద లాగేసుకుంటుంది. నాట్లేసిన వాళ్లకు చెప్పక్కర్లేదు: కాలు ఎత్తుతుంటే కిందకు గాలి చొరబడక, పైనున్న గాలి ఒత్తిడి బూటును పట్టి ఉంచుతుంది, కాలు ఒక్కటే బయటికొస్తుంది. చీలమండ దగ్గర పట్టు, వేళ్ల దగ్గర చోటు ఉండాలి.

ఆయన మంచె మీద కూచునే మనిషే. 5 మిల్లీమీటర్ల నియోప్రీన్ ఉన్నవి కొని, రెండు జతల ఉన్ని మేజోళ్లు కలిపి ఇచ్చారు. పాతబూటు అడుగున 11 ఉందని 11 తీసుకున్నారు. లోపలి పొర కొంత చోటు తినేస్తుందని చెప్పడం నేనే మరిచిపోయాను. వారం తిరక్కుండా ఆయన 12కి మార్చుకున్నాడట. రసీదు పెట్టెలోనే ఉంచారు కాబట్టి సరిపోయింది. మీరు కొన్నా ఉంచండి.