కడుపుతో ఉన్న పిల్ల పరుగెత్తవచ్చా?

“అయిదో నెల పిల్లని తెల్లారగట్ల గ్రౌండుకి పంపుతున్నారా? ఇదేం చోద్యం వదినగారూ!” మా వియ్యపురాలు ఫోనులోనే కోప్పడింది.

ఆవిడనేం తప్పు పట్టను? మా అమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడు నేనూ ఇవే మాటలు విన్నాను. ఇద్దరి తిండి తినాలి, గుమ్మం దిగకూడదు అన్నారు మా అత్తగారు. చివరికి నాకు మిగిలింది ఒళ్ళూ, నడుంనొప్పీ!

మా అమ్మాయి పోలీసు ఉద్యోగం కోసం మూడేళ్ళుగా కాశీబుగ్గలో పరుగు ప్రాక్టీసు చేస్తోంది. నెల తప్పగానే తనే డాక్టరమ్మని అడిగింది. ఆవిడ రక్తం, బి.పి., స్కానింగు అన్నీ చూసి, “అలవాటున్న పనే కదా, మానక్కర్లేదు. వేగం తగ్గించు” అన్నారు.

బెంగళూరులో 2020 డిసెంబరులో జరిగిన పది కిలోమీటర్ల పరుగులో అంకితా గౌర్ అనే అయిదు నెలల గర్భిణి పాల్గొని, 62 నిమిషాల్లో పూర్తి చేసింది. ఆమెకి ఏళ్ళ తరబడి పరుగు అలవాటు, పైగా డాక్టరు సరేనన్నారు. అమెరికాలో 2014లో అలీసియా మోంటానో 34 వారాల గర్భంతో జాతీయ పోటీల్లో 800 మీటర్లు పరుగెత్తింది. మనమూ పందేలకి వెళ్ళాలని కాదు సుమా! ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి కదలిక కీడు చేయదని చెప్పడానికే ఇదంతా.

ఎంత? ఎలా?

ఏ ఇబ్బందీ లేని గర్భిణులు వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. దీనివల్ల గర్భంలో వచ్చే షుగరు ముప్పు తగ్గుతుంది, ఒళ్ళు అతిగా పెరగదు.

నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. ఎప్పుడూ పరుగెత్తనివారు ఇప్పుడు మొదలుపెట్టకండి, పది నిమిషాల నడకతో ఆరంభించండి. నెలలు పెరిగేకొద్దీ కీళ్ళు వదులవుతాయి, పొట్ట బరువుకి తూకం తప్పుతుంది. అందుకే ఎగుడుదిగుడు దారులు వద్దు. నాలుగో నెల నుంచి వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు మానాలి.

“ఇంటి చాకిరీ చాలదా?” అంటారేమో! మన పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళే ఆడవాళ్ళు రోజంతా కూర్చునే ఉంటారు. ఒళ్ళు నొప్పులే గాని అది వ్యాయామం కాదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

మన ఉద్దానం వాళ్ళకి

మన దగ్గర ఎండా, ఉక్కా రెండూ ఎక్కువే. గర్భిణి ఒళ్ళు వేడెక్కకూడదు కాబట్టి ఎండెక్కక ముందే ముగించండి. నీళ్ళ సీసా చేతిలో ఉండాలి. ఖాళీ కడుపుతో వెళ్ళకండి. ఒక అరటిపండో, గ్లాసుడు చోడి అంబలో పుచ్చుకోండి. కిడ్నీ జబ్బులున్న ప్రాంతం మనది. బి.పి., మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి.

ఎవరికి వద్దు?

మాయ కిందికి ఉన్నవారూ, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారూ, గుర్రపు వాతం అనే బి.పి. జబ్బు, బాగా రక్తహీనత, గుండె జబ్బు ఉన్నవారూ, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ప్రమాదం ఉన్నవారూ డాక్టరు చెప్పనిదే చేయకూడదు.

వ్యాయామం చేస్తుండగా రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, ఆగి ఆగి పొత్తికడుపు నొప్పులు, కళ్ళు తిరగడం, గుండెలో నొప్పి, తలనొప్పి, పిక్కలో నొప్పి లేదా వాపు కనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు. మా వియ్యపురాలిని కూడా ఆ రోజు వెంట తీసుకెళ్ళాను. ఆవిడ అనుమానాలన్నీ డాక్టరమ్మనే అడిగింది.

ఇప్పుడు మా అమ్మాయికి ఏడో నెల. పొట్ట బరువెక్కిందని పరుగు తనే మానేసి నడకకి దిగింది. పక్కనే నీళ్ళ సీసా పట్టుకుని ఎవరు నడుస్తున్నారనుకున్నారు? మా వదినగారే! “నా మోకాళ్ళు కూడా తేలికపడ్డాయి” అంటోంది.

మీ ఇంట్లో కూతురో కోడలో కడుపుతో ఉంటే, “కదలకు” అనేముందు ఒక్కసారి డాక్టరుని అడగండి. సరేనంటే, మీరూ చెప్పులు తొడుక్కుని తోడు వెళ్ళండి!