ఆటయే వృత్తి

భైంసా పట్టణము పత్తి వ్యాపారమునకు పేరు పొందినది. అచ్చటి అంగడిలో తెలుగు, మరాఠీ, ఉర్దూ భాషలు మూడును వినవచ్చును. చుట్టుపట్ల పల్లెలనుండి ఎందరో యువకులు గల్ఫు దేశములకు పోయి, ఒడంబడిక ప్రకారము కొన్ని యేండ్లు పనిచేసి మరలి వచ్చుచుందురు. కావున పరదేశము, ఒడంబడిక అను మాటలు ఆ ప్రాంతపు బాలబాలికలకు క్రొత్తవి కావు. అయితే తాపీపని, వడ్రంగముల వలెనే ఆటయు నొక వృత్తి కాగలదనియు, క్రీడాకారులును ఒడంబడికలపై దేశములు తిరిగి జీవనము సాగించుచున్నారనియు చాలమంది యెరుగరు.

పూర్వము ఆట వేరు, జీవనోపాధి వేరు. ఆడినందుకు వేతనము పుచ్చుకొనుట తక్కువతనముగా నెంచబడెడిది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ క్రీడాకారులు వేతనము గ్రహించుటకు 1885లో అనుమతి లభించెను. రగ్బీ ఆటకు మాత్రము ఆ అనుమతి రాలేదు. రగ్బీ యనునది ఇంగ్లండులోని యొక పట్టణము. అందలి పాఠశాల పేరే ఆటకు వచ్చినది. ఇందు బంతి గ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును. కాని తోటివానికి చేతితో అందించునపుడు ముందునకు విసరరాదు, ప్రక్కకో వెనుకకో విసరవలెను. ఈ యాటలో గొప్పవారై దేశమునకు కీర్తి తెచ్చినవారును, పొట్టకొరకు వేరొక పని చేసికొనుచు, తీరిక వేళలయందే ఆడుచుండిరి. తుదకు 1995 ఆగస్టు 26వ తేదీన ఆ నిషేధము తొలగింపబడెను.

అప్పటినుండి రగ్బీ క్రీడాకారుల జీవితమే మారిపోయెను. పసిఫిక్ సముద్రములోని ఫిజీ, సమోవా, టోంగా మున్నగు చిన్న ద్వీపముల యువకులు న్యూజిలాండు, ఫ్రాన్సు, ఇంగ్లండు, జపాను దేశముల జట్లలో చేరి, ఇంటికి డబ్బు పంపుచున్నారు. ఫిజీ తెలుగువారికి పరాయి పేరు కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మదరాసు రేవునుండి తెలుగు కూలీలు పెక్కుమంది ఓడలెక్కి అచ్చటి చెరకు తోటలకు పోయిరి. వారు వ్రాసియిచ్చిన అగ్రిమెంటునే జనులు 'గిర్మిట్' అనిరి. గిర్మిట్ కూలీ గడువు తీరకముందు పని మానినచో శిక్షకు గురి యయ్యెడివాడు. నాడు కూలీలు చేరిన ఆ ద్వీపములనుండియే నేడు ఆటగాండ్రు ఒడంబడికలు చేతబట్టి బయలుదేరుచున్నారు. వీరు గడువు తీరినపిదప తమకు నచ్చిన జట్టులో చేరవచ్చును.

ఇట్టి క్రీడాకారుడు దేశము మారుటకు కొన్ని మెట్లు గలవు. మొదట క్రొత్త జట్టువారు అతని ఆటను చూతురు. కొందరిని పిలిపించి కొన్ని దినములు తమతో నాడించి పరీక్షింతురు. పిదప వైద్యులు అతని మోకాళ్లను, గుండెను శ్రద్ధతో పరిశీలింతురు. తరువాత వేతనము, గడువు, వసతి మున్నగు విషయములతో ఒడంబడిక వ్రాయబడును. ఫుట్‌బాల్ ఆటలో నైనచో, పాత దేశపు సంఘము బదిలీ పత్రము పంపినగాని క్రొత్త దేశమున ఆడుటకు వీలులేదు. ఆ దేశ ప్రభుత్వము పనిచేయుటకు అనుమతి నీయవలెను. కాలికి బలముండిన చాలదు. కాగితములును సరిగా నుండవలెను.

భారతదేశమునుండి ఈ దారిన నడిచినవారు కొలదిమందియే. కలకత్తాకు చెందిన మహమ్మద్ సలీం 1936లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమునకు పోయి, సెల్టిక్ జట్టు పక్షమున రెండు ఆటలలో పాల్గొనెను. అతడు బూట్లు లేక, పాదములకు కట్లు కట్టుకొని ఆడెను. జనులు మెచ్చుకొనిరి, కాని యతడు ఇంటిపై బెంగతో మరలి వచ్చెను. ఎనుబది యేండ్లు దాటిన పిదప, 2020 జనవరిలో, మణిపూర్ క్రీడాకారిణి బాలాదేవి అదే నగరమునందలి రేంజర్స్ జట్టుతో ఒడంబడిక చేసికొనెను.

భైంసానుండి బాసర మీదుగా గోదావరి దాటినచో నిజామాబాదు జిల్లా వచ్చును. ఆ జిల్లాలో 2001లో జన్మించిన గుగులోతు సౌమ్య ఫుట్‌బాల్ నేర్చి, ప్రత్యర్థుల గోలు దిశగా వేగముగా దూసికొనిపోవు ముందువరుస క్రీడాకారిణిగా పేరు పొందెను. ఆమె కేరళలోని గోకులం జట్టులో ఆడినది. 2022లో ఆమెయు, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహానును క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నగరమునకు పోయి, పరీక్షలో నెగ్గి, డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరిరి. అచ్చటి భాష వేరు, భోజనము వేరు, చలి వేరు. అయినను బంతి, ఆట నియమములు ఒక్కటే. తన కాలిలోని విద్యయే ఆటగత్తెకు అచ్చట మొదటి భాష యగును. పిదప స్వదేశమునకు వచ్చి, ఆమె కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరెను. ఆ జట్టు 2025లో భారత మహిళా లీగును గెలుచుకొనెను. ఆ సంవత్సరమే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా సత్కరించెను.

నేడు పరదేశపు ఆటగాండ్రు మన దేశమునకును వచ్చుచున్నారు. 2025 జూను నెలలో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగు మొదటిసారి జరిగెను. అందు ఆరు జట్లు పాల్గొనెను. వానిలో నొకటి హైదరాబాదు పేరు ధరించినది. ప్రతి జట్టులోను విదేశీయులును భారతీయులును కలిసి ఆడిరి.

ఈ వృత్తిలో కీర్తి గలదు, ధనమును గలదు. కాని కాలము స్వల్పము. వడ్రంగి అరువది యేండ్లవరకు ఉలి పట్టగలడు. ఆటగాండ్రలో పలువురు ముప్పది యైదేండ్లకే విరమింతురు. ఒక్క గాయము ఆ కాలమును మరింత తగ్గింపగలదు. అందుచే వివేకవంతుడగు క్రీడాకారుడు ఆడుచున్న దినములలోనే చదువును విడువడు, వచ్చిన ధనమును దుబారా చేయడు, చేవ్రాలు చేయుటకు ముందు ఒడంబడికలోని ప్రతి పంక్తిని చదివి తెలిసికొనును. కాలి నేర్పు మైదానమున గెలిపించును. అక్షరజ్ఞానము మైదానము వెలుపల కాపాడును. పరదేశమునకు పోవువాడు కూలి యైనను, క్రీడాకారుడైనను, ఈ రెండవ సాధనమును ఇంటనే సంపాదించుకొని బయలుదేరుట మేలు.