కలిస్తేనే చెత్త

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులొచ్చాయి, హాస్టళ్లొచ్చాయి, ఫంక్షన్ హాళ్లు, టిఫిన్ సెంటర్లు వీధివీధినా వెలిశాయి. వాటితో పాటే చెత్తా పెరిగింది. చెత్త మీద మనకున్న నమ్మకాలు మాత్రం ఊరు చిన్నగా ఉన్నప్పటివే.

అపోహ: చెత్త బాధ హైదరాబాద్‌కే, మనవి చిన్న ఊళ్లు

2011 జనాభా లెక్కల నాటికే గద్వాలలో, వనపర్తిలో చెరి అరవై వేల మంది దాకా ఉన్నారు. మన దేశపు చిన్న పట్టణాల్లో ఒక్కో మనిషి రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త వేస్తాడని అంచనా. తలకు 250 గ్రాములనుకున్నా అరవై వేల మందికి రోజుకు 15 టన్నులు. మహానగరంలో ఇది లెక్కలోకి రాదు, కానీ చిన్న మున్సిపాలిటీకి ఏడాది తిరిగేసరికి గుట్టే అవుతుంది.

ఊరు చిన్నది కావడం నిజానికి మనకు కలిసొచ్చే సంగతి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో సూర్యాపేట మున్సిపాలిటీ అలాంటి ఊళ్లో ఏం చేయొచ్చో చేసి చూపించింది. అప్పటికి అక్కడి జనాభా సుమారు లక్ష. ఇంటింటికీ వెళ్లి తడి చెత్తను, పొడి చెత్తను వేరుగా తీసుకున్నారు. తడిది వానపాములతో ఎరువు చేశారు, పొడిది అమ్మారు. వీధి చివరి చెత్త కుండీలు తీసేశారు. ఇది కొత్త యంత్రాలతో సాధించింది కాదు, ఊళ్లో కలెదిరిగి ఇల్లిల్లూ ఒప్పించి సాధించింది.

అపోహ: "మేం విడదీసి ఇచ్చి ఏం లాభం? బండిలో అంతా ఒక్కటే చేస్తరు"

మూడు పట్టణాల్లో ఎక్కడ అడిగినా ముందు వచ్చే జవాబు ఇదే. ఇందులో కొంత నిజం ఉంది, దాచాల్సిన పని లేదు. బండికి రెండు అరలున్నా తీసుకెళ్లి ఒకే కుప్పలో పోసే చోట్లు దేశమంతా ఉన్నాయి. అందుకని ఇంట్లో విడదీయడం దండగ అనుకుంటే మాత్రం పొరపాటు.

పాల ప్యాకెట్టునే తీసుకోండి. కడిగి ఆరబెడితే పాత సామాన్ల దుకాణంలో కాటాకు పెట్టి కొంటారు. అదే ప్యాకెట్టు రాత్రి మిగిలిన చారులో, అన్నంలో పడితే తెల్లారేసరికి ఎవరూ ముట్టుకోరు. నష్టం రెండో వైపు కూడా ఉంది. కూరగాయల తొక్కల్లో ఒక్క బ్లేడు, నాలుగు గాజు పెంకులు, రెండు షాంపూ ప్యాకెట్లు పడితే ఆ ఎరువును ఏ రైతూ పొలంలో చల్లడు. తొక్కా పనికొచ్చేదే, ప్యాకెట్టూ పనికొచ్చేదే. రెండూ కలిసిన తర్వాతే చెత్త అవుతాయి.

కలిసినదాన్ని మళ్లీ విడదీయాల్సింది డంపింగ్ యార్డులో ఎండలో కూర్చున్న సఫాయి కార్మికురాలే. మన వంటింట్లో రెండు క్షణాల పని ఆమెకు రోజంతా కంపులో చేసే పని.

కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు బాధ్యతను ఇద్దరికీ పంచాయి. విడదీసి ఇవ్వడం ఇంటివాళ్ల వంతు. విడివిడిగా సేకరించి, విడివిడిగానే తరలించడం మున్సిపాలిటీ వంతు. బండిలో కలిపేస్తుంటే వార్డు కౌన్సిలర్‌ను, కమిషనర్‌ను నిలదీయండి, తప్పకుండా నిలదీయాలి. కానీ ఇంట్లోనే కలిపి ఇచ్చినవాళ్లు ఏమని అడుగుతారు?

అపోహ: కాల్చేస్తే పీడా పోతుంది

చలికాలం పొద్దున ఊడ్చిన కుప్పకు వీధి మూలన నిప్పు పెట్టడం మనకు మామూలైపోయింది. ఆకులతో పాటు కవర్లు, పైపు ముక్కలు, గుట్కా ప్యాకెట్లు కూడా అందులో కాలుతాయి. అంత తక్కువ వేడిలో పీవీసీ లాంటివి కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. పక్కింటి పసిపిల్లలు పీల్చేది ఆ పొగనే. మిగిలిన బూడిద మోరీలో పడుతుంది, వాన పడగానే పల్లంలోని చెరువుకు చేరుతుంది. నల్లచెరువు, కేసరి సముద్రం లాంటి మన చెరువుల మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందు ఆ మంట ఆపాలి.

బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న దేశమంతా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు పరిహారంగా కట్టాలని చెప్పింది. డంపింగ్ యార్డుకూ ఇదే నిషేధం వర్తిస్తుంది.

అపోహ: ఇంట్లో ఎరువు చేస్తే కంపు, పురుగులు

తడి చెత్తకు గాలి ఆడకపోతేనే కంపు వస్తుంది. ఉత్త తొక్కలు, అన్నం డబ్బాలో కుక్కి మూత బిగిస్తే కుళ్లుతాయి, మాగవు. ప్రతి తడి పొర మీద అంత మేర పొడి పొర పడాలి. దానికి మన పాలమూరులో వెతుక్కోవాల్సిన పనే లేదు. వేరుశనగ పండే నేల ఇది, పల్లి పొట్టుకు కొదవా? నలిపిన పొట్టు తేమను పీలుస్తుంది, డబ్బాలో గాలికి సందు ఉంచుతుంది. అడుగున, పక్కలకు చిల్లులు పెట్టిన పాత బకెట్టు చాలు. మొదట్లో కాస్త పేడ నీళ్లో, పుల్ల మజ్జిగో చిలకరించి, వారానికి రెండుసార్లు కలియబెడితే రెండు మూడు నెలల్లో నల్లటి, మట్టి వాసన వేసే ఎరువు చేతికొస్తుంది. పొట్టు గట్టిది, అంత తొందరగా మాగదు. జల్లెడ పట్టి, మిగిలిన పొట్టును మళ్లీ బకెట్లోనే వేయండి. మాంసం, ఎముకలు మాత్రం వద్దు, కుక్కలు చేరతాయి.

అపోహ: బట్టల దుకాణంలో ఇచ్చేది బట్ట సంచే

గద్వాల చీర నేసే ఊళ్లో పడుగు, పేక అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ రంగురంగుల సంచిని వెలుతురుకు పట్టి చూడండి, అందులో పడుగూ లేదు, పేకా లేదు. పాలీప్రొపిలీన్ పోగులను వేడితో అతికించి అట్టలా చేసిన ప్లాస్టిక్ అది. అంచుకు నిప్పు చూపిస్తే కరిగి ముద్ద అవుతుంది. వద్దనడం లేదు, చిరిగేదాకా వాడండి. బట్ట కదా అని మట్టిలో మాత్రం వేయకండి.

అపోహ: చెత్తతో కరెంటు తీసే ప్లాంటు పెడితే అన్నీ తీరతాయి

హైదరాబాద్ దగ్గర జవహర్‌నగర్‌లో ఉందిగా అంటారు. అలాంటి ప్లాంటుకు రోజూ వందల టన్నులు కావాలి, అవీ పొడిగా ఉండాలి. మన చెత్తలో దాదాపు సగం తడిదే. నీళ్లు కారే తొక్కలు మండవు.

అపోహ: యార్డు మీద మట్టి కప్పితే అయిపోయినట్టే

గాలి అందని తడి చెత్త నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు పాతిక రెట్లకు పైమాటే. కుప్పలోంచి ఊరే నల్లటి నీరు బోర్లలోకి దిగుతుంది. అందుకే 2021 అక్టోబరులో మొదలైన పట్టణ స్వచ్ఛ భారత్ రెండో దశలో పాత కుప్పలను తవ్వి, జల్లెడ పట్టే పని పెట్టుకున్నారు. తవ్విన ప్లాస్టిక్ మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి తప్ప దాదాపు దేనికీ పనికిరాదు.

అపోహ: సూదులు, ప్యాడ్లు కొంచెమే కదా, ఎందులో వేస్తే ఏం?

డబ్బాలో తక్కువే ఉంటాయి, చేతికి గుచ్చుకునేవి మాత్రం అవే. ఇన్సులిన్ సూదులను మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి ఉంచండి. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి, పైన ఎర్ర చుక్క పెట్టి విడిగా ఇవ్వండి. బెంగళూరులో ఎన్నో ఇళ్లవాళ్లు ఇలాగే ఇస్తున్నారు. సీఎఫ్ఎల్ బల్బులో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టపెట్టెలో పెట్టి అందించండి. బండి వచ్చినప్పుడు ఇందులో ఏముందో సఫాయి అక్కకు నోటితో కూడా చెప్పండి.