లినక్సు కంప్యూటరు నుండి మొబైలు దస్త్రాల నిర్వహణ

మొబైలు ఫోనులోని ఫోటోలు, పాటలు, వీడియోలు, పత్రాలు మొదలైన దస్త్రాలను లినక్సు ఆపరేటింగ్ సిస్టంతో నడిచే కంప్యూటరు ద్వారా చూడడం, నకలు తీయడం, పేరు మార్చడం, తొలగించడం వంటి పనులను మొబైలు దస్త్రాల నిర్వహణ అంటారు. ఆండ్రాయిడ్ ఫోను కూడా లినక్సు కెర్నలు మీదనే నడుస్తుంది. అయినప్పటికీ ఆ ఫోను కంప్యూటరుకు పెన్‌డ్రైవు వలె కనిపించదు. ఈ తేడా తెలియనిచో దస్త్రాలను పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

నేపథ్యం

తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లు యూఎస్‌బీ తీగతో కలిపినపుడు తమ మెమరీ కార్డును కంప్యూటరుకు పూర్తిగా అప్పగించేవి. దీనిని మాస్ స్టోరేజి పద్ధతి అంటారు. ఆ సమయంలో ఫోను ఆ కార్డును వాడుకోలేకపోయేది. 2011లో వెలువడిన ఆండ్రాయిడ్ 3.0 నుండి ఎంటీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) వాడుకలోకి వచ్చింది. డిజిటల్ కెమెరాల కొరకు ఏర్పడిన పీటీపీ పద్ధతిని విస్తరించి మైక్రోసాఫ్ట్ సంస్థ దీనిని రూపొందించింది. 2008లో ఇది యూఎస్‌బీ ప్రమాణాలలో చేరింది.

ఎంటీపీలో నిల్వ ఎల్లప్పుడూ ఫోను అధీనంలోనే ఉంటుంది. కంప్యూటరు కావలసిన దస్త్రాన్ని అడుగుతుంది, ఫోను తీసి ఇస్తుంది. పాఠకుడు అలమర వద్దకు పోకుండా గ్రంథపాలకుని అడిగి పుస్తకం తీసుకోవడం వంటిదే ఇది. అందువలన దస్త్రాన్ని ఫోనులోనే ఉంచి సవరించడం సాధారణంగా కుదరదు. కంప్యూటరులోకి నకలు తీసి, సవరించి, తిరిగి పంపాలి.

తీగతో కలిపే విధానం

1. డేటాను మోసే తీగను వాడాలి. కొన్ని తీగలు చార్జింగుకు మాత్రమే పనికివస్తాయి.
2. ఫోను లాకు తీసి, నోటిఫికేషన్లలో "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోవాలి. లాకు తీయనిచో ఫోను ఖాళీగా కనిపించవచ్చును.
3. గ్నోమ్‌లో "ఫైల్స్", కేడీఈలో "డాల్ఫిన్" తెరిస్తే ఫోను పేరు కనిపిస్తుంది. వీటి వెనుక పనిచేసేది లిబ్‌ఎంటీపీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు.
4. కెమెరా ఫోటోలు సాధారణంగా డీసీఐఎం అనే ఫోల్డరులో ఉంటాయి.
5. పని పూర్తయ్యాక "ఎజెక్ట్" నొక్కి, ఆ తరువాతనే తీగ తీయాలి.

ఇతర విధానాలు

2013లో మొదలైన కేడీఈ కనెక్ట్ ద్వారా, ఫోను, కంప్యూటరు ఒకే వైఫైలో ఉన్నపుడు తీగ లేకుండానే దస్త్రాలు పంపవచ్చును. ఐఫోనుకు లిబ్‌ఐమొబైల్‌డివైస్, ఐఫ్యూజ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మెమరీ కార్డు ఉన్న ఫోనులో కార్డును తీసి కార్డు రీడరులో పెట్టుకోవచ్చును.

ఉదాహరణ

కుప్పంలో హెచ్‌పీ సంస్థ 2002లో ఐ-కమ్యూనిటీ పథకం ప్రారంభించింది. అందులో భాగంగా గ్రామీణ మహిళలు డిజిటల్ కెమెరాలతో ఫోటోలు తీసి ఉపాధి పొందారు. నేడు ఆ పనికి ఫోను చాలు. ఒక విద్యార్థి మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కళాశాలను (1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇక్కడే ఆంగ్లంలోకి అనువదించాడు), పుంగనూరులో పొట్టి జాతి ఆవులను, కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఫోటో తీశాడనుకుందాం. ఫోను పెట్టే పేర్లలో తరచుగా తేదీ, సమయం మాత్రమే ఉంటాయి. కంప్యూటరులో ఊరికొక ఫోల్డరు చేసి, "పుంగనూరు ఆవు 1" వంటి పేర్లు పెడితే, కొన్నేళ్ళ తరువాత కూడా ఏ చిత్రం ఎక్కడిదో తెలుస్తుంది. లినక్సు యూనికోడ్‌ను వాడుతుంది కనుక పేర్లు తెలుగులోనే ఉండవచ్చును.

జాగ్రత్తలు

* "కట్" వాడరాదు, "కాపీ" వాడాలి. మధ్యలో తీగ ఊడితే దస్త్రం అసంపూర్ణంగా మిగలవచ్చును.
* ఫోనులోనివి తొలగించే ముందు రెండు వైపులా దస్త్రాల సంఖ్య, పరిమాణం సరిచూసి, కొన్నింటిని తెరచి చూడాలి. ఎంటీపీ ద్వారా తొలగించినవి సాధారణంగా చెత్తబుట్టలోకి చేరవు.
* ముఖ్యమైనవాటికి మరొక డిస్కులో రెండవ నకలు ఉంచాలి. శిథిలమవుతున్న శాసనపు ఫోటోను, గతించిన పెద్దల కంఠస్వరాన్ని మరల సంపాదించలేము.
* ఫోటోలో తీసిన స్థలం వివరాలు దాగి ఉండవచ్చును. ఇంటి వద్ద తీసినవాటిని ప్రచురించే ముందు ఎక్సిఫ్‌టూల్ వంటి సాధనంతో ఆ వివరాలు తొలగించడం మంచిది.

ఇవి కూడా చూడండి

* లినక్సు
* ఆండ్రాయిడ్
* యూనికోడ్
* పుంగనూరు ఆవు