ఉద్యోగార్హతల లెక్కలో తెలుగు పరిశోధకుడు: నెట్, సెట్, పరిశోధన వ్యాసాలు

తెలుగు శాఖల్లో పిహెచ్.డి. చేస్తున్నవారిలో చాలామంది ఉద్యోగ ప్రయత్నాన్ని సిద్ధాంతగ్రంథ సమర్పణ తరువాతి పనిగా భావిస్తారు. నిబంధనలు ఆ క్రమాన్ని పాటించవు. కొన్ని గడువులు పరిశోధన మొదలుకాక ముందే కరిగిపోతుంటాయి.

వాటిలో ప్రధానమైనది జె.ఆర్.ఎఫ్. నెట్ ద్వారా పొందే సహాయ ఆచార్య అర్హతకు వయఃపరిమితి లేదు. జె.ఆర్.ఎఫ్.కు మాత్రం అది 30 ఏళ్లు. స్త్రీలకు, రిజర్వేషన్ వర్గాలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2023 జనవరి నుండి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై ఎస్.ఆర్.ఎఫ్.గా 42,000 రూపాయలు లభిస్తాయి. మొత్తం కాలపరిమితి ఐదేళ్లు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ ఫెలోషిప్ 8,000 రూపాయలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఆసరా లేక, అతిథి అధ్యాపకులుగా పాఠాలు చెప్పుకొంటూ పరిశోధనను నెట్టుకొచ్చేవారు ఎందరో. ఎం.ఏ. చివరి సంవత్సరంలోనే నెట్ రాయవచ్చన్న సంగతిని ఆచార్యులు తరగతిలో చెప్పడం అవసరం.

సెట్ విషయంలో మరొక మెలిక ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌కు, ఉస్మానియా విశ్వవిద్యాలయం తెలంగాణకు ఈ పరీక్ష నిర్వహిస్తాయి. అర్హత ఆ రాష్ట్రానికే పరిమితం. నెట్ దేశమంతటా చెల్లుతుంది. బనారస్, మద్రాసు వంటి చోట్ల ఉన్న తెలుగు శాఖల్లో చేరదలచినవారికి ఈ భేదం చిన్నది కాదు.

2023 జులై సవరణ ప్రకారం విశ్వవిద్యాలయాల్లో సహాయ ఆచార్య పదవికి నెట్ లేదా సెట్ కనీసార్హత; పిహెచ్.డి. తప్పనిసరి కాదు. అయితే అర్హత వేరు, ఇంటర్వ్యూకు పిలుపు వేరు. 2018 యూజీసీ నిబంధనల షార్ట్‌లిస్టు పట్టికలో విశ్వవిద్యాలయ పదవులకు పిహెచ్.డి.కి 30 మార్కులు, జె.ఆర్.ఎఫ్.తో కూడిన నెట్‌కు 7, నెట్‌కు 5, సెట్‌కు 3. కళాశాలలకు పిహెచ్.డి. విలువ 25.

పరిశోధన వ్యాసాల దగ్గరే అపోహలెక్కువ. ఒక్కో వ్యాసానికి 2 మార్కులు. విశ్వవిద్యాలయాలకు గరిష్ఠం 10, కళాశాలలకు 6. అంటే ఐదు వ్యాసాలతో ఒకచోట, మూడింటితో మరొకచోట ఈ పద్దు నిండిపోతుంది. ఇరవై వ్యాసాలున్నవారికీ అంతే. పైగా ఇవి సమవర్తుల సమీక్ష జరిగిన పత్రికల్లోనో, యూజీసీ జాబితాలోని పత్రికల్లోనో వచ్చినవై ఉండాలి. సదస్సుల తరువాత ఐ.ఎస్.బి.ఎన్. వేసి తెచ్చే సంకలనాల్లోని వ్యాసాలు ఈ పద్దులోకి రావు. తెలుగు శాఖల్లో అటువంటి సంకలనాలకు లోటు లేదు. వాటిలో చోటుకోసం డబ్బు కట్టేవారికీ లోటు లేదు.

2025 ఫిబ్రవరిలో యూజీసీ కేర్ జాబితాను ఉపసంహరించింది. పత్రిక మంచిచెడ్డలు తేల్చే బాధ్యత ఇక రచయితపైనా, అతని సంస్థపైనా పడింది. సమీక్షకుల అభిప్రాయాలు రాతపూర్వకంగా రచయితకు చేరుతున్నాయా, సంపాదకవర్గంలో ఆ విషయంలో కృషిచేసినవారున్నారా అన్నవి మొదట చూడవలసినవి. వ్యాసం పంపిన మూడోరోజే ప్రచురణ రుసుము అడిగే పత్రికను అక్కడితో వదిలేయడం మేలు.

బోధనానుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 మార్కుల వరకు ఉన్నాయి. అతిథి అధ్యాపకులు చేరిన తేదీ, విడిచిన తేదీలతో ధ్రువపత్రాన్ని పనిచేస్తున్నప్పుడే తీసుకోవాలి. ప్రిన్సిపాల్ మారాక అది దొరకడం కష్టం.

ఈ మార్కులన్నీ ఇంటర్వ్యూ గది గుమ్మం వరకే. అదే నిబంధనల ప్రకారం తుది ఎంపిక ఇంటర్వ్యూలోని ప్రతిభ ఆధారంగానే జరుగుతుంది. అక్కడ ఆరో వ్యాసం గురించి కాక, సిద్ధాంతగ్రంథంలోని ప్రతిపాదన గురించే ప్రశ్నలు వస్తాయి.