చమురుంది... దారి ఏదీ?

2024 మే 1. త్రిపురలో ఆ రోజు నుంచి ద్విచక్ర వాహనానికి రోజుకు 200 రూపాయల పెట్రోలే. కారుకు 500. బస్సుకు 60 లీటర్ల డీజిల్, మినీ బస్సుకు 40, ఆటోకు 15. ఇది ఆ రాష్ట్ర పౌరసరఫరాల శాఖ పెట్టిన పరిమితి. దేశంలో అప్పుడు చమురుకు కొరతేమీ లేదు. రిఫైనరీలు నడుస్తూనే ఉన్నాయి. అస్సాంలోని దీమా హసావ్ జిల్లాలో, జాటింగా దగ్గర కొండచరియలు విరిగి రైలు మార్గం దెబ్బతింది. గూడ్సు బళ్లు ఆగిపోయాయి. అంతే!

పటం చూస్తే త్రిపుర కష్టం తెలుస్తుంది. మూడు వైపులా బంగ్లాదేశ్, 856 కిలోమీటర్ల సరిహద్దు. రాజధాని అగర్తలా ఆ సరిహద్దును ఆనుకునే ఉంటుంది. సొంత దేశం మీదుగా కోల్‌కతా చేరాలంటే మాత్రం గువాహటి చుట్టి పదహారు వందల కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. పెట్రోలు, డీజిల్ వచ్చే రైలుకైనా ట్యాంకర్‌కైనా అస్సాం, మేఘాలయ కొండలే దిక్కు. వానాకాలంలో ఆ కొండలు కదిలితే త్రిపుర బంకుల్లో ‘నో స్టాక్’ బోర్డులు వేలాడతాయి.

2016లో ఇంకా ఘోరం. అస్సాంలోని అప్పటి కరీంగంజ్ జిల్లా లోయర్‌పోవా దగ్గర జాతీయ రహదారి బురదగుంటగా మారింది. సరుకు లారీలు రోజుల తరబడి బారులు తీరాయి. అగర్తలాలో బ్లాకులో లీటరు పెట్రోలు 300 రూపాయల దాకా పలికింది. సరి, బేసి నంబర్ల ప్రకారం రోజు విడిచి రోజు పోయించుకోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటి వేళ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉండేదెంత? చమురు తనది కాదు, డిపో తనది కాదు, రైలూ తనది కాదు. నిత్యావసర సరుకుల చట్టం కింద ఎవరికి ముందు, ఎంత పోయాలో చెప్పగలదు. అంబులెన్సులు, ఆసుపత్రి జనరేటర్లు, పాల బళ్లు, రేషన్ లారీలకు కొంత నిల్వ అట్టిపెట్టమని బంకులను ఆదేశించగలదు. ఈ అధికారాన్ని ఎప్పుడు వాడుతుందన్నదే అసలు ప్రశ్న.

రోజూ పొద్దున్నే బంకు మేనేజరు భూమిలోని ట్యాంకు మూత తీసి, డిప్ రాడ్ దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి రిజిస్టరులో రాసుకుంటాడు. ఆ లోతును లీటర్లలోకి మార్చి రోజువారీ అమ్మకంతో భాగిస్తే ఎన్నాళ్లకు సరిపోతుందో తేలిపోతుంది. జిల్లాలోని బంకులన్నింటి లెక్కా డిపో లెక్కా కలిపితే కలెక్టరు బల్ల మీద జిల్లా పరిస్థితి మొత్తం ఉన్నట్టే. ఇంకా పది రోజుల స్టాకు ఉండగా పెట్టిన పరిమితికి జనం సర్దుకుపోతారు. ఒక్కరోజు స్టాకు మిగిలాక పెడితే మాత్రం అదే పెద్ద పుకారై కూర్చుంటుంది.

పుకారు ఏం చేస్తుందో హైదరాబాద్‌కు తెలుసు. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె మాట వినగానే ఊరు ఊరంతా బంకుల మీద పడింది. గంటల్లోనే చాలాచోట్ల ట్యాంకులు అడుగంటాయి. విశాఖ అనుభవం మరోరకం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత, రిఫైనరీ ఉన్న ఊళ్లోనే జనం పెట్రోలు కోసం సీసాలు పట్టుకుని క్యూ కట్టారు. అదే విశాఖలో రాతిగుహలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే ఏర్పాటు ఇప్పుడుంది. విశాఖ, మంగళూరు, పాదూరు గుహలు మూడూ నిండితే దేశానికి దాదాపు తొమ్మిదిన్నర రోజుల అవసరం తీరుతుంది. దేశానికి అది కావలసిందే. కానీ కొండచరియల అవతల చిక్కుకున్న అగర్తలాకు ఆ గుహల వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ కావలసింది పక్క డిపోలో సిద్ధంగా ఉన్న పెట్రోలు. ఇంధన భద్రత అనగానే ఢిల్లీ గల్ఫ్ వైపు చూస్తుంది. చివరి వంద కిలోమీటర్ల మీద అంత చూపు పెట్టకపోవడం పెద్ద లోపం.

త్రిపుర ఊరుకుని కూర్చోలేదు. 2016లోనే ఇండియన్ ఆయిల్ ట్యాంకర్లు మేఘాలయలోని డౌకి దగ్గర సరిహద్దు దాటి, బంగ్లాదేశ్‌లో దాదాపు 140 కిలోమీటర్లు నడిచి త్రిపురలోని కైలాశహర్ చేరాయి. 2022 మేలో వరదలకు అస్సాంలోని న్యూ హాఫ్లాంగ్ స్టేషన్ బురదలో కూరుకుపోయి రైలు మార్గం దాదాపు రెండు నెలలు మూతపడినప్పుడు మళ్లీ అదే దారి గుర్తొచ్చింది. ఆగస్టులో ఇండియన్ ఆయిల్‌కూ బంగ్లాదేశ్ రహదారుల శాఖకూ మధ్య ఒప్పందం కుదిరి ట్యాంకర్లు కదిలాయి. రైలు మార్గం తెరుచుకున్నాక కుదిరిన ఒప్పందం అది! అలాంటిది ముందే సంతకమై ఉంటే తప్ప ఆపదలో పనికిరాదు. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారాక, పొరుగు దేశపు దారిని నమ్ముకోవడంలో ఉన్న ఇబ్బందీ తెలిసొచ్చింది.

త్రిపురకు ఒక అదృష్టం ఉంది. కాళ్లకిందే సహజవాయువు ఉంది. అగర్తలాలో ఆటోలు ఏళ్లుగా సీఎన్‌జీతో నడుస్తున్నాయి. రైళ్లు ఆగినా ఈ గ్యాస్ ఆగదు. బస్సులు కూడా దీనికి మారితే అంతమేరకు డీజిల్ లారీలకు, ఆసుపత్రులకు మిగులుతుంది. నిల్వ ట్యాంకులు కట్టాల్సింది చమురు కంపెనీలే అయినా, స్థలం ఇవ్వడం, అనుమతులు త్వరగా తెమల్చడం రాష్ట్రం పనే. వానలు మొదలవక ముందే డిపోలు నిండాలి. వానలు ఆగేదాకా ఏ జిల్లాలో ఎన్ని రోజుల స్టాకు ఉందో వారం వారం జనానికి చెప్పాలి. బంకుల్లో డిప్ రాడ్ లెక్క రోజూ రాస్తూనే ఉన్నారు కాబట్టి దీనికి కొత్తగా అయ్యే ఖర్చేమీ లేదు.